గాలి డ్రిల్లు నుంచి చక్‌ను విడదీయడం: యంత్ర సేవా కేంద్రాల మరమ్మతు శాలలకు ఒక అధ్యయన పాఠం

సారాంశం

సంపీడిత గాలితో పనిచేసే చేతి డ్రిల్లు నుంచి చక్‌ను విడదీసే విధానం ఈ వ్యాసంలో చర్చించబడింది. చక్‌ను స్పిండిల్‌కు బిగించే మర ఒక దిశలోను, దానిని కాపాడే లోపలి స్క్రూ దానికి ఎదురు దిశలోను ఉండటానికి గల కారణం, సుత్తి దెబ్బకు లొంగే చక్ నిదానపు ఒత్తిడికి లొంగకపోవడానికి గల కారణం వివరించబడ్డాయి. విడదీసేటప్పుడు గేర్లు, బేరింగులు, పనివారి చేతులు దెబ్బతినకుండా పాటించవలసిన క్రమం సూచించబడింది.

కీలక పదాలు: గాలి డ్రిల్లు, చక్, ఎడమ మర, జడత్వ భ్రామకం, కటర్ బార్, యంత్ర సేవా కేంద్రం

పరిచయం

గింజలో తేమ 20 నుంచి 24 శాతం మధ్య ఉన్నప్పుడు వరిని కోయడం ఉత్తమమని సస్యశాస్త్రం బోధిస్తుంది. ఆ దశ దాటిన కొద్దీ గింజ రాలుతుంది, మిల్లులో నూక శాతం పెరుగుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఖరీఫ్ వరి కోతకు వచ్చే నవంబరు, డిసెంబరు నెలలే బంగాళాఖాతంలో తుఫానులు పుట్టే కాలం కూడా. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో మిచౌంగ్ తుఫాను తీరం దాటినప్పుడు, పొలంలో నిలిచి ఉన్న వరికీ కోసి పనల మీద ఉన్న వరికీ కలిగిన నష్టం అందరికీ తెలిసినదే. అటువంటి వారంలో కోత యంత్రం ఒక పూట ఆగినా ఆ పూట విలువను ఎకరాలలో లెక్కించవలసి వస్తుంది.

కోత యంత్రం ఆగడానికి పెద్ద కారణమే ఉండనక్కరలేదు. కంబైన్ హార్వెస్టరు కటర్ బార్‌లో 76.2 మిల్లీమీటర్ల అంతరంతో వరుసగా అమర్చిన కత్తి బిళ్లలలో ఒకటి విరిగినా అక్కడ పైరు తెగదు, చీలుతుంది. ఆ బిళ్లను మార్చాలంటే దాని రివిట్లు తొలగించాలి. సాధారణంగా ఉలితోనో, సుత్తితోనో రివిట్టును తెంచుతారు. తుప్పుపట్టి తెగని రివిట్టును డ్రిల్లుతో తొలచక తప్పదు. ఆ సమయంలో డ్రిల్లు చక్ బిట్టును పట్టుకోలేక జారినా, అటూ ఇటూ ఊగినా, కత్తి పట్టీలోని గుండ్రని రంధ్రం కోలగా మారుతుంది. కోల రంధ్రంలో కొత్త రివిట్టు బిగువుగా నిలవదు. ఒక పాడైన చక్ వల్ల ఒక బిళ్లతో పోయే మరమ్మతు మొత్తం పట్టీ వరకూ వెళుతుంది.

వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ 2014-15లో మొదలైన తరువాత యంత్ర సేవా కేంద్రాలు పల్లెలకు చేరువయ్యాయి. టైర్లకు గాలి పట్టడానికీ, రేడియేటరులో చిక్కిన ఊకను ఊది శుభ్రం చేయడానికీ ఇటువంటి మరమ్మతు శాలలలో కంప్రెసరు అవసరమవుతుంది. కంప్రెసరు ఉన్నచోట గాలి డ్రిల్లు వాడుకోవడం తెలివైన పని. తడి నేల మీద దానితో విద్యుదాఘాత భయం లేదు. బ్రష్‌లున్న విద్యుత్ డ్రిల్లులో ఎగిరే నిప్పురవ్వలు దీని మోటారులో పుట్టవు కనుక గడ్డి ధూళి పేరుకున్న చోట కొంత మేలు. బిట్టు ఇరుక్కుని మోటారు నిలిచిపోయినా కాలిపోదు. అయితే ఈ పరికరం నిర్మాణాన్ని బోధించే పాఠం వ్యవసాయ విద్యార్థులకు అరుదుగా దొరుకుతుంది. కటర్ బార్ సర్దుబాట్లు నేర్పి, ఆ కటర్ బార్‌ను బాగుచేసే పనిముట్టును నేర్పకపోవడం లోపమే.

నిర్మాణం

గాలి డ్రిల్లులోని మోటారు ఒక స్థూపాకార గది. అందులో కేంద్రానికి కొంచెం పక్కగా ఒక రోటారు తిరుగుతుంది. రోటారు గాడులలో జారే పలుచని రెక్కలను గాలి నెడుతుంది. పరికరాన్ని సాధారణంగా 6.2 బార్, అంటే చదరపు అంగుళానికి సుమారు 90 పౌండ్ల పీడనం వద్ద నడపడానికి రూపొందిస్తారు. రోటారు చాలా వేగంగా తిరుగుతుంది కనుక, ఆ వేగాన్ని తగ్గించి టార్కును పెంచడానికి ముందు భాగంలో గ్రహ గేర్లు ఉంటాయి. అనేక నమూనాలలో చిన్న గేర్లను మోసే పీఠమూ, చక్ బిగించే స్పిండిలూ ఒకే ముక్కగా ఉంటాయి. కాబట్టి స్పిండిల్ మర చెడితే గేరు పీఠాన్ని కూడా మార్చవలసి వస్తుంది. చక్ దానితో పోలిస్తే చవకైనది. ఎక్కడైనా ఏదో ఒకదానిని బలి ఇవ్వవలసి వస్తే చక్‌నే ఇవ్వాలన్న నిర్ణయం ఇక్కడి నుంచే వస్తుంది.

నేడు విరివిగా కనిపించే తాళపుచెవి చక్ నిర్మాణానికి అమెరికాలోని ఆర్థర్ ఇర్వింగ్ జాకబ్స్ 1902లో పేటెంటు పొందాడు. మూడు ఏటవాలు దవడల వెనుక భాగాన మరలు కోసి ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న నట్టు తిరిగినప్పుడు మూడు దవడలూ సమంగా ముందుకో, వెనుకకో జరుగుతాయి. బయటి పళ్ల వలయాన్ని తాళపుచెవితో తిప్పినప్పుడు కదిలేది ఈ నట్టే. చక్‌ను స్పిండిల్‌కు పట్టి ఉంచే మరకూ, దవడలను కదిపే ఈ మరకూ సంబంధం లేదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి, చక్ ఊడుతుందని బయటి వలయాన్ని పైపు పానాతో తిప్పేవారు తరచు కనిపిస్తారు. దానివల్ల వలయం పళ్లు అరుగుతాయి తప్ప చక్ కదలదు.

విడదీయవలసిన అవసరం ఉందా?

చక్‌ను విప్పే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. దవడలు కదలకపోతే చక్ పాడైందని వెంటనే నిర్ణయించరాదు. ఊక ధూళి, నూనె కలిసి గట్టిపడిన మడ్డి దవడల గాడులలో చేరుతుంది. చక్ ముందు భాగాన్ని కిరోసినులో కొంతసేపు నాననిచ్చి, దవడలను నాలుగైదు సార్లు పూర్తిగా తెరచి మూస్తే చాలా చక్‌లు తిరిగి పనిలోకి వస్తాయి. ఆ సమయంలో డ్రిల్లు మూతిని కిందికి వంచి ఉంచాలి. లేకుంటే మడ్డి కలిసిన కిరోసిను బేరింగులోకి దిగి అక్కడి గ్రీజును కడిగివేస్తుంది.

విడదీయక తప్పని సందర్భాలు మూడు. దవడల అంచులు అరిగి, బిగించినా బిట్టు జారిపోవడం మొదటిది. బిట్టు కొన ఊగుతున్నప్పుడు లోపం చక్‌దో స్పిండిల్‌దో తేల్చుకోవలసి రావడం రెండవది. ముందరి బేరింగుకో, గేర్లకో చేరవలసి రావడం మూడవది. చాలా నమూనాలలో చక్ తీయనిదే ముందరి కప్పు బయటకు రాదు.

మర దిశ: అసలు చిక్కు

ఈ పనిలో జరిగే నష్టంలో అధిక భాగం దిశను తప్పుగా గ్రహించడం వల్లనే జరుగుతుంది. ‘కుడికి తిప్పు’, ‘ఎడమకు తిప్పు’ అన్న మాటలు ఇక్కడ చాలవు. ఎటు నిలబడి చూస్తున్నారో ముందు చెప్పాలి. ఈ వ్యాసంలో దిశలన్నీ చక్ దవడలకు ఎదురుగా నిలబడి చూసిన దిశలే. వెనుక నుంచి చూసిన చోట ఆ మాట ప్రత్యేకంగా చెప్పబడింది.

రంధ్రం తొలిచేటప్పుడు డ్రిల్లు పట్టుకున్న వ్యక్తికి స్పిండిల్ సవ్యదిశలో తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. ఎదుటి నుంచి చూసేవారికి అదే అపసవ్యం. లోహం బిట్టును అడ్డుకుంటుంది, బిట్టు చక్‌ను అడ్డుకుంటుంది, స్పిండిల్ మాత్రం చక్‌లోకి తిరుగుతూ పోవడానికి ప్రయత్నిస్తుంది. మర సాధారణమైన కుడి మర కనుక పని జరిగిన కొద్దీ చక్ మరింత బిగుస్తుంది. ఏళ్ల తరబడి వాడిన డ్రిల్లు చక్ మొండికేయడానికి తుప్పు ఒక్కటే కారణం కాదు. అది చేసిన ప్రతి రంధ్రమూ దానిని కొంచెం కొంచెం బిగిస్తూ వచ్చింది.

రివర్సు తిరిగే డ్రిల్లులో పరిస్థితి తలకిందులవుతుంది. రివర్సులో బిట్టు ఇరుక్కుంటే చక్ దానంతట అదే ఊడిపోగలదు. దీనిని నివారించడానికి చక్ లోపల, అడుగున, స్పిండిల్ కొనలోకి ఒక చిన్న స్క్రూ బిగిస్తారు. దీని మర ఎడమ మర. చక్ ఊడబోతూ అపసవ్యదిశలో తిరిగినప్పుడు, దాని అడుగు స్క్రూ తలను రాపిడితో అదే దిశలో లాగుతుంది. కుడి మర స్క్రూ అయితే చక్‌తో పాటు అదీ వదులయ్యేది. ఎడమ మర స్క్రూ అపసవ్యంగా తిరిగితే బిగుస్తుంది. ఊడబోయే చక్కే తనను ఆపే స్క్రూను బిగిస్తుందన్నమాట. ఈ అమరికలోని తర్కం అర్థమైన విద్యార్థికి దిశను కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

కాబట్టి ఎదుటి నుంచి చూసినప్పుడు లోపలి స్క్రూ సవ్యదిశలో ఊడుతుంది, చక్ అపసవ్యదిశలో ఊడుతుంది. అలవాటు కొద్దీ స్క్రూను అపసవ్యంగా తిప్పితే అది మరింత బిగిసి, తల గాడి చెడుతుంది. స్క్రూ ఉన్న సంగతి గమనించకుండా చక్ మీద సుత్తి వేస్తే ఆ దెబ్బంతా చిన్న స్క్రూ మీద పడి, అది స్పిండిల్‌లోనే విరగవచ్చు. విరిగిన ఎడమ మర స్క్రూను బయటకు తీయడం పల్లె మరమ్మతు శాలలో సాధ్యమయ్యే పని కాదు. ఒకే దిశలో తిరిగే డ్రిల్లులో ఈ స్క్రూ ఉండకపోవచ్చు. ఉందో లేదో దవడలు పూర్తిగా తెరచి, టార్చి వేసి చూడటానికి అర నిమిషం పడుతుంది.

మరతో కాక, నునుపైన శంకువు ఆకారపు స్పిండిల్‌పై బిగువుతో నిలిచే చక్‌లు కూడా ఉన్నాయి. కళాశాల వర్క్‌షాపులలోని బల్ల డ్రిల్లులో ఇవి సాధారణం, చేతి గాలి డ్రిల్లులో అరుదు. చక్ ఒంటి మీద ‘3/8-24’ వంటి గుర్తు ఉంటే అది మర చక్, ‘జె.టి. 33’ వంటి గుర్తు ఉంటే శంకువు చక్. శంకువు చక్‌ను ఎటు తిప్పినా ప్రయోజనం లేదు. చక్ వెనుక సందులో రెండు వైపుల నుంచి జంట చీలలను దూర్చి సమంగా కొట్టి ముందుకు నెట్టాలి.

విడదీసే క్రమం

ముందుగా గాలి గొట్టాన్ని డ్రిల్లు నుంచి వేరుచేయాలి. కంప్రెసరు ఆపడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. ట్యాంకులో గాలి నిలిచి ఉన్నంత సేపు డ్రిల్లుకు ప్రాణం ఉన్నట్లే. గొట్టం తీసిన తరువాత ట్రిగ్గరును ఒకసారి నొక్కి లోపల మిగిలిన గాలిని వదిలివేయాలి. తాళపుచెవి చక్‌లో ఉండగా, లేదా చేయి దవడల మీద ఉండగా ట్రిగ్గరుకు ఏదైనా తగిలితే వేళ్లు నలిగిపోతాయి. గాలి డ్రిల్లును తీగ లేని బొమ్మలా చూసే అలవాటు మరమ్మతు శాలలలో ఉంది. దానిని మాన్పించడం విస్తరణ శాస్త్రవేత్త మొదటి బాధ్యత.

దవడలను పూర్తిగా తెరచి లోపలి మడ్డిని తుడిచి, స్క్రూ ఉంటే దాని గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరును నిలువుగా ఆనించాలి. బలంగా అదిమిపట్టి సవ్యదిశలో తిప్పాలి. కదలకపోతే తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా వదిలివేయడం మేలు. స్క్రూకు మర జిగురు పూసి ఉండవచ్చు. వేడికి అది మెత్తబడుతుంది. అందుకు సోల్డరింగు ఐరన్ కొనను స్క్రూ తలకు ఆనించి ఉంచడం సరిపోతుంది. గ్యాసు మంటను వాడరాదు. స్పిండిల్ వెనుక బేరింగు గ్రీజు, సీలు, దాని వెనుక రెసిన్‌తో చేసిన రోటారు రెక్కలు ఉన్నాయి. అవేవీ మంటను తట్టుకోవు.

ఇక చక్. స్పిండిల్ మీద, చక్ వెనుక, ఎదురెదురుగా రెండు చదునైన ముఖాలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే పని సులభం. అక్కడ సరైన కొలత పానా పెట్టి స్పిండిల్‌ను పట్టుకుని, చక్‌లో బిగించిన అలెన్ కీని అపసవ్యదిశలో నెట్టితే చాలు. బలమంతా పానాకూ చక్‌కూ మధ్యనే ఇమిడిపోతుంది, గేర్ల దాకా పోదు. చదును ముఖాలు ఉండి కూడా సుత్తి ఎత్తడం తొందరపాటే.

అవి లేని డ్రిల్లులో స్పిండిల్‌ను పట్టుకునే దారి లేదు. చక్‌ను నిదానంగా తిప్పితే స్పిండిలూ, గేర్లూ, రోటారూ అన్నీ కలిసి తిరుగుతాయి. ఇక్కడే జడత్వం సాయపడుతుంది. గేరు నిష్పత్తి 10 అనుకుంటే, చక్ వైపు నుంచి చూసినప్పుడు రోటారు జడత్వ భ్రామకం దాని వర్గం చొప్పున, అంటే 100 రెట్లు పెరిగినట్లు కనిపిస్తుంది. నిదానపు ఒత్తిడికి ఆ జడత్వం నెమ్మదిగా లొంగి తిరుగుతుంది. క్షణకాలపు దెబ్బకు మాత్రం రోటారుకు కదిలే వ్యవధి దొరకదు. ఆ క్షణంలో స్పిండిల్ పట్టి ఉంచినట్లే నిలుస్తుంది, చక్ మర వదులవుతుంది. దీనిని బట్టి ఒక ఆచరణ సూత్రం తేలుతుంది: పది మెత్తని దెబ్బల కంటే ఒక చురుకైన దెబ్బ మేలు. మెత్తని దెబ్బ మరను వదిలించదు, గేరు పళ్లను మాత్రం ప్రతిసారీ తాకుతుంది.

దవడల మధ్య పెద్ద అలెన్ కీ పొట్టి చేతిని ఉంచి, తాళపుచెవితో మూడు రంధ్రాల వద్దా గట్టిగా బిగించాలి. చక్ బల్ల అంచు దాటి ఉండేలా, మిగిలిన ఒళ్లు మడత పెట్టిన గోనె మీద ఆనేలా డ్రిల్లును ఉంచాలి. వెనుక నిలబడి ఎడమ చేతితో పిడిని పట్టుకున్న వ్యక్తికి అలెన్ కీ పొడుగు చేయి కుడివైపు, నేలకు సమాంతరంగా ఉండాలి. దాని కొన మీద పై నుంచి కిందికి సుత్తితో ఒక్క చురుకైన దెబ్బ వేయాలి. వెనుక నుంచి చూసేవారికి చక్ సవ్యంగా తిరుగుతుంది, ఎదుటివారికి అపసవ్యంగా. కీ ఎగిరిపోగలదు కనుక కంటి అద్దాలు తప్పనిసరి. డ్రిల్లు ఒంటిని వైస్‌లో బిగించరాదు. ఆ పలుచని ఒళ్లు కొద్దిగా నొక్కుకున్నా లోపలి గది గుండ్రదనం పోయి రెక్కలు ఇరుక్కుంటాయి. చక్ కోసం మోటారును పోగొట్టుకున్నట్లవుతుంది.

అలెన్ కీకి బదులు తాళపుచెవినే రంధ్రంలో పెట్టి కొట్టడం పాత అలవాటు. దీనివల్ల చెవి కొన వంగుతుంది, చక్ రంధ్రం చెదురుతుంది. కొత్త చక్ తెచ్చి పెట్టుకున్నవారు చేస్తే చేయవచ్చు, పాత చక్‌ను తిరిగి వాడదలచినవారు చేయరాదు. గాలి ఇంపాక్టు రెంచి ఉన్నచోట మరొక మార్గం ఉంది. షట్కోణ తల గల బోల్టును చక్‌లో బిగించి, ఆ తలకు సాకెట్టు తొడిగి, రెంచిని రివర్సులో ఒకటి రెండు సెకన్లు మాత్రం నడపాలి. వేగంగా పడే ఆ చిన్న దెబ్బలు సుత్తి దెబ్బ చేసే పనినే చేస్తాయి. ట్రాక్టరు చక్రాల నట్లు విప్పే పెద్ద రెంచి ఇందుకు తగదు.

మూడు నాలుగు చురుకైన దెబ్బలకు కూడా కదలకపోతే ఆగాలి. స్క్రూ నిజంగా బయటకు వచ్చిందా, అది శంకువు చక్ కాదు కదా, దెబ్బ సరైన దిశలోనే పడిందా అని మళ్లీ చూడాలి. అన్నీ సరిగ్గానే ఉంటే నూనె వేసి ఒక రాత్రి ఆగాలి. ఆ తరువాత కూడా కదలని చక్‌ను గ్రైండరుతో పొడవుగా, స్పిండిల్ మర తగలనంత లోతు వరకు కోసి, ఆ గాడిలో ఉలి పెట్టి పగలగొట్టాలి.

తిరిగి బిగించడం

చక్ తీసిన వెంటనే స్పిండిల్‌ను చేతితో నిదానంగా తిప్పి గమనించాలి. కొన ఊగకపోతే లోపం చక్‌లోనే ఉంది, కొత్తది వేస్తే సరిపోతుంది. ఊగితే బేరింగు అరిగింది, లేదా స్పిండిల్ వంగింది. అప్పుడు కొత్త చక్ వేయడం వృథా. ముందరి కప్పును విప్పవలసి వస్తే, కొన్ని నమూనాలలో దానికి కూడా ఎడమ మర ఉంటుందని గుర్తుంచుకోవాలి.

కొత్త చక్ ఎంపికలో ఒక పొరపాటు సులభంగా జరుగుతుంది. చిన్న గాలి డ్రిల్లు స్పిండిల్‌కు సాధారణంగా 3/8 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు ఉంటాయి. పెద్ద డ్రిల్లుకు 1/2 అంగుళం, 20 మరలు. అంటే కాలిపరుతో కొలిస్తే సుమారు 9.5 మిల్లీమీటర్లు, 12.7 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల మెట్రిక్ సన్నమర చూపుకు 3/8 మరలాగే ఉంటుంది. ఆ చక్ చిన్న స్పిండిల్‌పై వదులుగా ఎక్కుతుంది, నిలవదు. పాత చక్‌నూ డ్రిల్లునూ దుకాణానికి వెంట తీసుకువెళ్లడం కొలతల కంటే నమ్మకమైన పద్ధతి.

స్పిండిల్ మరను తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, పలుచగా నూనె రాసి, కొత్త చక్‌ను చేతితోనే చివరి వరకు ఎక్కించాలి. మొదటి రెండు చుట్లలోనే బిగువు తగిలితే మర తప్పినట్లు. వెనక్కు తీసి మళ్లీ ఎక్కించాలి. అడుగు ఆనిన తరువాత చేతితో ఒక్కసారి గట్టిగా తిప్పితే చాలు, తక్కిన బిగువును రంధ్రాలే తెస్తాయి. లోపలి స్క్రూను అపసవ్యదిశలో బిగించాలి. చక్‌లో నిటారైన ఉక్కు కడ్డీని పట్టించి, గొట్టం కలపకముందే స్పిండిల్‌ను చేతితో తిప్పి కొన కదలికను చూడాలి. కంప్రెసరు ట్యాంకు అడుగున చేరిన నీటిని వదిలి, డ్రిల్లు గాలి ద్వారంలో నాలుగైదు చుక్కల గాలి పరికరాల నూనె వేసి, అప్పుడు గొట్టం కలపాలి. మొదటి రంధ్రాన్ని కటర్ బార్ మీద కాక ఒక పాత ఇనుప రేకు మీద తొలచి, బిట్టు బయటకు వచ్చిన వైపు రంధ్రం గుండ్రంగా ఉందో కోలగా ఉందో చూసిన తరువాతే యంత్రం దగ్గరకు వెళ్లాలి.